సొరపిల్ల పళ్ళు లెక్కపెట్టిన ఊళ్ళలో

సెలవు దొరికితే జనం సముద్రం చూడ్డానికి వస్తారు. సముద్రం పక్కనే పుట్టిన నేను మాత్రం రెండు ఐసు పెట్టెలు వ్యానులో ఎక్కించుకుని, సముద్రానికి వీపు చూపించి, పొదిలి, మార్కాపురం మీదుగా గిద్దలూరు దాకా పోయొచ్చాను. "అక్కడేముంది, రాళ్ళూ ఎండా తప్ప" అని మా బజారులో అందరూ అడుగుతున్నారు. ఏముందో చెప్పబోతే మధ్యలో గిరాకీ వచ్చి మాట తెగిపోతోంది. అందుకే రాస్తున్నాను. చదివేవాళ్ళు మధ్యలో ధర అడగరు గదా.

నా సంగతి ముందే చెప్పేస్తాను. చీరాలలో మాది కిరాణా కొట్టు. తక్కెడ పక్కన గోనెసంచి మీద పెరిగాను. "అమ్మా" అనడం కన్నా ముందు నాకు "గిట్టదు" అనడం వచ్చిందని మా అమ్మ అంటుంది. తెలియనివాళ్ళు నవ్వుతారు. నాతో బేరమాడినవాళ్ళు నవ్వరు. ఇప్పుడు వాడరేవు ఒడ్డున చేపలు కొని పైఊళ్ళకు పంపే వ్యాపారం నాది.

వాడరేవు: పడవెక్కని వల

ఈ ప్రయాణమంతా ఒక వల కోసం. అది పోలేరయ్యన్నది. ఆయన నాకు చుట్టరికానికి అన్న కాదు, సరుకుకి అన్న. పడవ ఆయనది, కొనుగోలు నాది.

ఈ కాలంలో తల్లి సొరచేపలు తీరానికి దగ్గరగా వచ్చి పిల్లల్ని పెట్టి పోతాయి. ఆ పిల్లల్ని పట్టడానికే ఆయన దగ్గర ఒక వల ఉంది. ఏటా ఈపాటికి అది నీళ్ళలో ఉండాలి. ఈసారి ఇంకా ఇసకలో మడతమీదే ఉంది. నేను అడ్డం పడ్డాను మరి.

"చూడు మణీ, నాకు సొరపిల్లల మీద పగా లేదు, ప్రేమా లేదు" అన్నాడాయన, వల మీదే కూర్చుని బీడీ వెలిగించుకుంటూ. "గిద్దలూరు మస్తాను ఎన్ని పంపినా కాదనడు. బాలింతలకి పాలసొర అని అక్కడ బాగా పోతంది. నువ్వు పోయి ఆ గిరాకీని చిన్నచేపల మీదకి, మన కవ్వల మీదకి మళ్ళించు, వల ఇట్టాగే ఉంటది. మళ్ళించలేకపోతే సోమవారం దించుతా. అప్పుడు మళ్ళీ నాకు నీతులు చెప్పకూడదు."

"సరే" అన్నాను. బేరంలో మొదటి మాటకే నేను సరే అన్నానంటే నా పరిస్థితి ఎంత బలంగా ఉందో మీరే ఊహించుకోండి.

నాకీ పిచ్చి ఎక్కించింది ప్రత్యూష. చేపల చదువు చదువుతున్న అమ్మాయి, రేవుకి వస్తుంటుంది. మామూలు చేపకైతే తలలోంచి చెవిరాయి తీసి, సొరకైతే వెన్నుపూస కోసి, అందులోని వలయాలు చూసి వయసు చెబుతుంది. ఒకరోజు కవ్వనీ సొరపిల్లనీ పక్కపక్కన పెట్టి, "ఆంటీ, ఈ కవ్వ ఏడాది తిరిగేలోపే గుడ్లు పెట్టే ఈడుకొస్తుంది. రెండు మూడేళ్ళకి దాని బతుకు అయిపోతుంది. ఈ పెద్దజాతి సొర పదేళ్ళు దాటితేగాని ఈడుకి రాదు. ముప్పై ఏళ్ళు కూడా బతకొచ్చు. అన్నిటికీ అచ్చంగా కుదరదుగానీ, చాలావరకు సముద్రం చేపల్లో ఇదే వరస. ఈడు ఎంత ఆలస్యమో ఆయుష్షు అంత పొడుగు" అంది.

"మంచిదేగా. అంత ఆయుష్షుంటే మనం నాలుగు తిన్నా తరగవు" అన్నాను.

"ఈడు రాకముందే మనం పట్టేస్తే ఆ ఆయుష్షు ఎవరికి ఆంటీ?"

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంటే కిరాణా లెక్కలోనే విషయం అర్థమైంది. కవ్వ ఉప్పూపప్పూ సరుకు. ఇవాళ గోనె ఖాళీ అయితే రేపు నిండుతుంది. ఊడ్చిపెట్టేస్తే అదీ పోతుందిగానీ, చూసుకుని తీస్తే తిరుగుతూనే ఉంటుంది. సొర అలా కాదు, కొబ్బరితోట లాంటిది. ఏళ్ళకేళ్ళు ఆగాలి, కాపు మొదలైతే తరాలు తినొచ్చు. మేం ఆ మొక్కను పీకి కట్టెల కింద అమ్ముతున్నాం. వ్యాపారస్తుల బిడ్డకి పాపభయం కన్నా ముందు నష్టభయం పుడుతుంది. నాకు గట్టిగా పుట్టింది.

ఒక పెట్టె నిండా కవ్వలు, వాటికన్నా పెద్దచేపలైన కానాగంతలు. రెండో పెట్టెలో, వేరే వలలో చిక్కి అప్పటికే చచ్చిపోయిన సొరపిల్లలు కొన్ని, మస్తానుకి చూపించడానికి. డ్రైవరు బాజీ మార్కాపురం మనిషి. "అక్కా, మావైపు నీ నోరు పని చెయ్యదు. చూస్తా ఉండు" అని ముందే హెచ్చరించాడు.

పొదిలి: ఉప్పు వెయ్యాల్నా

ఒంగోలు దాటి పడమటికి తిరిగాక గాలిలో తడి మాయమైపోతుంది. పొదిలి చేరేసరికి పెదాలు పగిలి, నేను మాట్లాడ్డం తగ్గించాను. బాజీ అది గమనించి సంతోషించాడు.

మెస్సులో భోజనం చేశాం. మనవైపు పులుసు పలచగా చింతపండు మీద నడుస్తుంది. ఇక్కడ కారం మీద నడుస్తుంది. నేను మూడో ముద్దకి మంచినీళ్ళ గ్లాసు ఖాళీ చేసి ఇంకోటి అడిగాను. అదీ ఖాళీ చేసి ఇంకోటి అడిగాను. వడ్డించే పెద్దాయన జగ్గు తెచ్చి నా పక్కనే పెట్టి, "తాగమ్మా, తాగు. పారబోయకుండా తాగితే చాలు" అన్నాడు. మన ఇళ్ళలో గ్లాసు అడుగున మిగిలిన నీళ్ళను చూడకుండా చెట్టు మొదట్లో విసురుతాం. ఇక్కడ ఆ మిగిలిన నీళ్ళను ఒక బకెట్లో పోసి పక్కన పెడుతున్నారు. పులుసు కన్నా అది నాకు మింగుడు పడడానికే ఎక్కువ టైము పట్టింది.

పెట్టె తెరిచి ఐసు చూసుకుంటుంటే జనం మూగారు. చేపలు వీళ్ళకి కొత్త కాదు, చెరువు చేపలు తింటారు. సముద్రం చేప అంటే మాత్రం కొంచెం అనుమానం. తలగుడ్డ చుట్టుకున్న ఒకాయన కవ్వను వేలితో నొక్కి, "సముద్రంలో అంతా ఉప్పేగదా, మరి కూరలో ఉప్పు వెయ్యాల్నా?" అని అడిగాడు.

"వెయ్యాలి చిన్నాయనా. లోపలికి ఎక్కదు."

"అన్నాళ్ళు ఉప్పులో ఉండి ఎక్కలేదంటే గట్టి మనిషే" అని కవ్వను మెచ్చుకుని, కొనకుండా వెళ్ళిపోయాడు.

ఇక్కడి బేరంలో నాకు మొదటి దెబ్బ కూడా పొదిల్లోనే తగిలింది. మనవైపు ముందు ధర, తర్వాత తిట్లు, చివర్లో చుట్టరికం. వీళ్ళు ముందే చుట్టరికం కలిపేస్తారు. అక్కా, పెద్దమ్మా, వదినా అని పిలిచి, మీ ఊరేది, మీ నాయన ఏం చేస్తాడని అడిగి, టీ తాగించి, అప్పుడు ధర అడుగుతారు. అక్క అయిపోయాక ఎక్కువ ఎలా చెబుతాం? ఐసు కొనడానికి వెళ్ళి నేను కూడా ఆ ఎత్తే వేశాను. "తమ్ముడూ" అన్నాను. ఆ తమ్ముడు దిమ్మకు మామూలు ధర కన్నా ఇరవై ఎక్కువ తీసుకుని, "మళ్ళీ రా అక్కా" అన్నాడు.

మార్కాపురం: గొంతులో ముల్లు

మార్కాపురం పొరల ఊరు. మన చిన్నప్పుడు అక్షరాలు దిద్దిన పలకల రాయి ఇక్కడిదే. బడుల్లో పలకలు తగ్గిపోయినా రాయి పని పూర్తిగా పోలేదు. ఒక షెడ్డులో ఇద్దరాడవాళ్ళు సన్నటి ఉలి అంచు పెట్టి తట్టగానే దిమ్మ పుస్తకంలా విచ్చుకుంది. నాకు ప్రత్యూష వెన్నుపూస గుర్తొచ్చి, "పొరలు లెక్కపెడితే రాయి వయసు తెలుస్తుందా?" అని అడిగాను.

"రాయి వయసుతో ఏం పని వదినా, పెండ్లికి అడుగుతున్నారా?" అందొకామె. రెండో ఆమె నవ్వి ఉలి కింద పెట్టాల్సి వచ్చింది.

బాజీకి మేనమామ జానీ బాషా బస్టాండు దగ్గర బిర్యానీ హోటలు నడుపుతాడు. ఆయన కవ్వలు చూసి మర్యాదగా తల అడ్డంగా ఊపాడు. "అమ్మా, ముల్లు జాస్తి. మా దగ్గర కూచున్నోడు పది నిమిషాల్లో లేవాల. ముల్లు తీసుకుంటా కూచుంటే టేబులు ఎప్పుడు ఖాళీ అవుతాది?"

ఇది వ్యాపారం తెలిసిన మనిషి మాట. నేను గౌరవించాను, గౌరవించి వదల్లేదు. ఆయన వంటింట్లోనే కారం, పసుపు, నిమ్మరసం పట్టించి, బియ్యప్పిండి చల్లి, కరకరలాడేలా కవ్వలు వేయించాను. "ముల్లు తియ్యక్కర్లేదు. ఇట్లా నమిలేయడమే" అని చూపించబోయి, చిన్న కవ్వకి బదులు పెద్ద కానాగంతని నోట్లో పెట్టుకున్నాను. ముల్లు గొంతుకి అడ్డం పడింది. కళ్ళలో నీళ్ళు. బాజీ వీపు మీద గుద్దాడు. జానీ బాషా తెల్లన్నం ముద్ద చేసి ఇచ్చాడు. మింగాను, ముల్లు దిగింది. వెంటనే చెయ్యి దానంతటదే పళ్ళెంలోకి పోయి ఈసారి కవ్వను తీసుకుంది.

జానీ బాషా అది చూస్తూ నిలబడ్డాడు. "చావు దాకా పోయొచ్చి మళ్ళా తింటా ఉందంటే రుచి ఉన్నట్లే" అని వంటవాడితో అన్నాడు. తినేవాళ్ళకి బిర్యానీ పక్కన ప్లేటుగా పెట్టి చూస్తానన్నాడు. సాయంత్రానికి ప్లేట్లు అయిపోయాయి. వారానికి రెండు పెట్టెలు పంపమన్నాడు.

నేను గాలిలో తేలిపోయాను. బాజీ మాత్రం, "గిద్దలూరు మస్తానన్న తీసుకునేదాంట్లో ఇది మూలకు గూడా రాదు" అని నేల మీదకి దించాడు. నిజమే. పోలేరయ్యన్న వల మార్కాపురంలో ఆగేది కాదు.

త్రిపురాంతకం: కొంగు కింద వేళ్ళు

మర్నాడు త్రిపురాంతకం వైపు సంతకి పోయాం. గొర్రెలు, మేకలు, దుమ్ము, మిరపకాయ బజ్జీల వాసన. గొర్రెల బేరాలు చూస్తే నాకు మతి పోయింది. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి పైన తుండుగుడ్డ కప్పుతారు. కింద వేళ్ళతో ధర చెప్పుకుంటారు. నోట్లోంచి ఒక్క మాట రాదు. చుట్టూ యాభై మంది ఉన్నా ఎంతకి తెగిందో ఒక్కరికీ తెలీదు. మన కొట్లలో బేరమంటే వీధి చివరి దాకా వినపడాలి. పక్కవాడు విని మన ధర తెలుసుకోవాలి. ఇక్కడ గుడ్డ కింద రెండు చేతులు కుస్తీ పడుతుంటే ముఖాలు మాత్రం పెళ్ళిలో ఫొటోకి కూర్చున్నట్టున్నాయి.

మా పెట్టెల దగ్గరకి పుల్లలచెరువు వైపు నుంచి గొర్రెలు తోలుకొచ్చిన ఒక పెద్దావిడ వచ్చింది. పేరు సుబ్బమ్మ. పొట్టేళ్ళు రెండు మంచి ధరకి పోయాయని ముఖంలో తెలుస్తోంది. బాజీ గాడు నోరూరుకోక, బాలింతకి పాలసొర పెడితే పాలు పడతాయని చెప్పాడు. ఆవిడ కూతురు ప్రసవించి నెల కాలేదట.

"ఏదీ, చూపీ" అని సుబ్బమ్మ సొరపిల్లను ఐసులోంచి తీసింది. తీసి, అటూ ఇటూ తిప్పి, రెండు బొటనవేళ్ళతో దాని నోరు తెరిచింది. గొర్రెను కొనేవాళ్ళు చేసే పని అది. ముందు పళ్ళు రెండా, నాలుగా, నోరు నిండిందా అని చూసి వయసు కడతారు. సొరపిల్ల నోట్లో వరస వెనక వరస పళ్ళు.

ఆవిడ ముఖం మారిపోయింది. "ఏమే అమ్మీ, నోరంతా పళ్ళే గదే. ముసలి పీనుగను తెచ్చి పిల్ల అని అంటగడతాండావా?"

"కాదు పెద్దమ్మా, సొరకి పుట్టుకతోనే పళ్ళుంటాయి. ఇది పుట్టి ఎక్కువ రోజులు కాలేదు."

"పుట్టుకతోనే పళ్ళా? మరి తల్లి పాలెట్ల ఇస్తాది?"

"ఇవ్వదు. కనేసి దాని దారిన అది పోతుంది."

"గట్టిదే" అంది సుబ్బమ్మ. మళ్ళీ సొరపిల్లను తిప్పి చూసింది. "ఆడదా, మగదా?"

"ఆడదే."

"ఈనిందా?"

నాకు నవ్వొచ్చింది. చేప ఈనడమేమిటి, గుడ్లు పెడుతుంది గాని, అని చెప్పబోయాను. సగం నవ్వులో ఆగిపోయాను. నా చేతిలో ఉన్నది కవ్వ కాదు. ఈ సొరలు గుడ్లు పెట్టవు, కడుపున మోసి పిల్లల్నే కంటాయి. అచ్చం గొర్రెలాగా. ఆవిడ పళ్ళ లెక్క తప్పింది గాని, ఈ ప్రశ్నలో తప్పు లేదు.

"ఈనలేదు పెద్దమ్మా. ఇంకా పదేళ్ళకి గాని ఈనదు."

సుబ్బమ్మ సొరపిల్ల నోరు తన చేత్తోనే మూసి, పెట్టెలో ఐసు మీద పడుకోబెట్టింది. "ఈనని ఆడదాన్ని కోతకు ఎట్ల తెచ్చినారే? మా ఇండ్లల్లో పొట్టేలును అమ్ముతాం, గొడ్డుదాన్ని అమ్ముతాం, ముసలిదాన్ని అమ్ముతాం. తొలిచూలు కానిదాన్ని కరువొచ్చినా కసాయికి ఇయ్యం. దాన్ని ఇచ్చేస్తే మంద యాడిది?"

ప్రత్యూష వెన్నుపూస కోసి చెప్పిందీ, నేను కొబ్బరితోట కట్టి చెప్పుకుందీ ఇదే. నేను ఆ దుమ్ములో నిలబడి, మస్తానుతో ఏం మాట్లాడాలో దొరికిందని లోపల్లోపల గంతులేస్తున్నాను.

ఆ గంతుల్లో ఉండగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుని పైన కొంగు కప్పేసింది. కవ్వలకి బేరం. నా చూపుడువేలు గట్టిగా నొక్కింది, తర్వాత రెండు వేళ్ళు కలిపి లాగింది. నాకేం అర్థం కాలేదు. నోరు తెరవబోతే బాజీ, "అక్కా, మాట్లాడగూడదు. మాట్లాడితే బేరం చెడినట్లే" అన్నాడు. నా జీవితంలో నా దగ్గరున్న ఒకే ఒక్క ఆయుధం నాలుక. అది లేకుండా నేను పావలాకి కొరగానని ఆ కొంగు కింద తేలిపోయింది. భయపడి తల ఊపేశాను. రెండు కిలోలు కిలో ధరకి పోయాయి.

"పాలకు ఇది పనికొస్తాదా?" అని కవ్వలు సంచిలో వేసుకుంటూ అడిగింది. బాలింతలకి మా ఇళ్ళలో కవ్వలూ పెడతాం, వెల్లుల్లి దండిగా వేసి, అన్నాను. "వెల్లుల్లి నాకు చెప్పాల్నా" అని గొర్రెల్లో కలిసిపోయింది.

గిద్దలూరు: గాటు పడిన సరుకు

మళ్ళీ వెనక్కొచ్చి, కంభం మీదుగా గిద్దలూరు. ఇక్కడికొస్తే నల్లమల పక్కనే వచ్చి కూర్చున్నట్టుంటుంది. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తిన్నాం. నానబెట్టిన బొరుగులతో చేసే ఆ ఉగ్గాని మన ఊరికి ఎందుకు రాలేదో నాకు కోపంగా ఉంది. రెండు ప్లేట్లు తిని, మూడోది పొట్లం కట్టించుకుని మస్తాను దుకాణానికి పోయాను.

మస్తాను తండ్రి కసాయి. కొడుకు చేపల్లోకి మారాడు. భార్య షాహీనా చేపలు శుభ్రం చేస్తుంది. ఆ వీధిలో ఏ ఇంట్లో కాన్పయినా మొదటి నెలంతా బిడ్డకి నీళ్ళు పోసేది కూడా ఆమేనట. ఎవరో ఒంగోలు కోడలు పాలసొర సంగతి చెప్పినప్పటి నుంచీ బాలింతల ఇళ్ళకి సొరపిల్ల పోయేది ఆమె చేతి మీదుగానే.

నేను మొత్తం సరుకంతా పరిచాను. ఈడు, ఆయుష్షు, కవ్వ, సొర, చివర్లో సుబ్బమ్మ. మస్తాను ఓపిగ్గా విన్నాడు.

"అక్కా, ఆ మాట నాకు తెలుసు. మా నాయన ఎన్ని ఊర్లు తిరిగినా ఈనని గొర్రెను ఒక్కరూ ఇచ్చేవాళ్ళు కాదు. కానీ సుబ్బమ్మ గొర్రె సుబ్బమ్మ దొడ్లోనే ఈనుతాది. సముద్రంలో సొర ఎవరి దొడ్లో ఈనుతాది, చెప్పు? నేను వద్దంటే నంద్యాలోడు తీసుకుంటాడు. సొరా పోయె, నా గిరాకీ పోయె."

బేరంలో అవతలివాడు నిజం చెబితే చెయ్యగలిగిందేమీ ఉండదు. పోలేరయ్యన్న వల నా కళ్ళ ముందు మెల్లగా విచ్చుకుంటూ పడవెక్కుతోంది.

మస్తాను పెట్టెలోంచి సొరపిల్లను తీసి వెల్లకిలా తిప్పాడు. "పైగా మీ పోలేరయ్యన్న పంపేదాంట్లో సగం గాటు సరుకే. చూడు, రెక్కల నడుమ ఎట్ల చీరినాడో. అందుకే ప్రతిసారీ రేటు తగ్గిస్తా ఉన్నా. ఆయనేమో ఫోనులో నేను చీరలేదంటే చీరలేదని కొట్లాట."

కడుపు పైభాగాన, రెండు రెక్కల మధ్య, చిన్న చీలిక. ప్రత్యూష నాకు చూపించిన మొదటి గుర్తు అది. ఆ గీత మీద ఒకడు రేటు తగ్గిస్తున్నాడని, ఇంకొకడు కొట్లాడుతున్నాడని నాకు ఆ క్షణం దాకా తెలీదు.

"మస్తాన్, అది గాటు కాదు" అన్నాను. "బొడ్డు."

"ఏంది?"

"తల్లి కడుపులో దీన్ని పేగు పట్టుకుని ఉంటుంది, మనిషి బిడ్డలాగే. పుట్టాక తెగిపోతుంది. ఇంకా మానలేదంతే."

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. షాహీనా చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. అడగకుండానే మస్తాను చేతిలోంచి సొరపిల్లను తీసుకుని, ఆ చీలిక పక్కన చిటికెనవేలు ఆనించింది. బిడ్డలకి నీళ్ళు పోసేవాళ్ళు బొడ్డు తడి ఆరిందా లేదా అని చూసే చూపు అది.

"ఎన్ని రోజులది అక్కా?"

"తెలీదు. మానడానికి కొన్ని వారాలు పడుతుందంటారు. దీనికి మానలేదు."

"మొన్న రజియా కోడలికి వండిచ్చినాను" అంది మస్తాను వైపు చూసి. "నేనే వండినా. ఆ బిడ్డకు గూడా అప్పటికి బొడ్డు ఊడలేదు."

ఆమె సొరపిల్లను నా పెట్టెలో పెట్టి మూత వేసింది. "బొడ్డు మానని పిల్ల ఇంక ఈ గడప ఎక్కదు."

"నంద్యాలోడు..."

"వాడి గడప వాడిది."

"బాలింతల గిరాకీ ఏం చేస్తావు?"

"బాలింతకు కావాల్సింది వెల్లుల్లి, వేడన్నం, పని చెప్పకుండా నాలుగు దినాలు పండుకోనిచ్చే అత్త. చేప ఏదైనా చాలు."

ఇక్కడ నేను నోరు మూసుకోవాలి. బేరం తెగాక మాట్లాడకూడదన్నది మా కొట్లో గోడ మీద రాయని నియమం. అయినా ఆగలేకపోయాను. బొడ్డు మానినంత మాత్రాన పెద్దది కాదనీ, అప్పటికీ అది పిల్లేననీ, ఈడుకి రావడానికి ఇంకా ఏళ్ళు పడుతుందనీ చెప్పేశాను. చెబుతూనే నన్ను నేను తిట్టుకున్నాను.

షాహీనా ఆలోచించింది. "ఈనిందేదో ఈననిదేదో నాకు తెలీదక్కా. బొడ్డు తెలుసు. నేను అక్కడ మొదలుపెడతా. మిగతాది నువ్వు రేవులో చూసుకో."

ఇక కవ్వల ధర. మస్తాను అలవాటుగా భుజం మీది తుండు తీశాడు. షాహీనా దాన్ని లాక్కుని, "నువ్వు పట్టగూడదు, నేను పడతా" అని నా చేతి మీద కప్పింది. రెండోసారి గుడ్డ కిందకి వెళ్ళాను. దారిలో బాజీ దగ్గర వేళ్ళ లెక్క నేర్చుకున్నాను కాబట్టి ఈసారి ధైర్యంగానే ఉన్నాను. కొంచెంసేపు బాగానే కొట్లాడాను కూడా. అంతలో ఆమె నా అరచెయ్యి మొత్తం పట్టుకుని పిండింది. పొద్దస్తమానం చేపలు తోమే చెయ్యి అది. నేను "అమ్మా" అన్నాను. మాట్లాడితే ఓడినట్లే గదా.

మార్కాపురం కన్నా కిలోకి పదిహేను తక్కువ. ఐసు ఖర్చు నాదే. పెట్టెలు మాత్రం వారానికి ఆరు.

అక్కడి నుంచే పోలేరయ్యన్నకి ఫోను చేశాను. గాటు సంగతి చెప్పగానే, "నేను చీరలేదని ఎన్నేళ్ళ నుంచి మొత్తుకుంటన్నా" అని అయిదు నిమిషాలు అదే పాట. మస్తాను పక్కకి తిరిగి తక్కెడ తుడుచుకున్నాడు. అన్న చివరికి, "కవ్వలెన్ని?" అన్నాడు. చెప్పాను. ధర కూడా చెప్పాను.

"రేటు తక్కువ" అన్నాడు.

"తక్కువే."

"రా, మాట్లాడదాం" అని పెట్టేశాడు. అది అవునో కాదో నాకు తెలియలేదు.

నేను తెచ్చిన సొరపిల్లల్ని షాహీనా అమ్మనివ్వలేదు, పారెయ్యనివ్వలేదు. దుకాణం వెనక నిమ్మచెట్టు మొదట్లో తవ్వి పూడ్చింది. తెచ్చిన సొరపిల్లల్ని అమ్ముకోకుండా, ఎదురు ఐసు డబ్బులు పెట్టుకుని వచ్చి కూడా, తిరుగుదారిలో నేను పాటలు పాడుకుంటూ వచ్చానని బాజీ ఇప్పటికీ ఊళ్ళో చెప్పుకుంటున్నాడట.

మళ్ళీ వాడరేవు: సోమవారం

సోమవారం పొద్దున్నే రేవుకి పోయాను. పోలేరయ్యన్న పడవ అప్పటికే పోయొచ్చినట్టుంది, అడుగు తడిగా ఉంది. గబగబా వల వైపు నడిచాను.

సొరపిల్లల వల ఉన్నచోటే ఉంది. మడత విప్పి ఇసక మీద వెడల్పుగా పరిచి ఉంది. దాని మీద సన్నటి నెత్తళ్ళ చేపలు ఎండుతున్నాయి, వెండి గుండీలు చల్లినట్టు.

"ఖాళీగా ఎందుకు పడుండాలని" అన్నాడు పోలేరయ్యన్న, నా ముఖం చూసి. "ఇసక అంటకుండా బాగా ఎండుతున్నయ్."

నేనాయన పక్కన కూర్చున్నాను. ఆయన నీళ్ళ వైపు చెయ్యి చూపించాడు. "పొద్దున ఒడ్డు దగ్గర్లోనే తిరుగుతున్నయ్ పిల్లలు. నీళ్ళు తేటగా ఉంటే నీడలు కనపడతన్నయ్. అవి పిల్లల్ని పెట్టేనాటికి నేను పడవెక్కే ఈడులో ఉండను."

"నేను కూడా తక్కెడ పట్టే ఈడులో ఉండనేమో."

"ఎవరో ఒకరు ఉంటార్లే" అని లేచి, నెత్తళ్ళు ఒక గుప్పెడు తీసి నా ఒళ్ళో పోశాడు. "నీ గిద్దలూరు ఆవిడకి ఇవి కూడా పంపిస్తావా? కవ్వల్లో పోయింది ఇందులో రాబట్టుకోవాలి గదా. కిలో ఇంతని చెప్పు." చెవిలో ఒక ధర చెప్పాడు.

నేను నెత్తళ్ళని వాసన చూశాను. మంచి సరుకు. కింద వల ఎండలో కరకరా ఎండుతోంది.

"గిట్టదు" అన్నాను.